తడి తెలిసిన చేతులు

(విజయవాడలో హస్తకళల అభిమానుల ముందు ఒక పల్లెటూరి చిత్రకారిణి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ మధ్య మీకు బాగా నచ్చుతున్న సంగీతం, చేతిపనులు, ఇంట్లో పెంచుకునే మొక్కలు ఏమిటో చెప్పమని నన్ను పిలిచినవాళ్లు అడిగారు. దేని దారి దానిదే కదా, వీటన్నిటి గురించి ఒకే గంటలో ఏం మాట్లాడాలి అనుకున్నాను. కాగితం మీద రాసుకుని చూస్తే నాకు నచ్చినవన్నీ ఒకే చోట కలుస్తున్నాయి. తడి ఎంత ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో తెలిసినవాళ్ల పనులు అవన్నీ. నేను తెనాలి దగ్గర పల్లెలో చెక్క పలకల మీద బొమ్మలు వేస్తాను. పలక లోపల పచ్చిదనం మిగిలి ఉంటే ఎంత మంచి రంగు పూసినా పొక్కి పైకి లేస్తుంది. అందుకని ఎవరి పని చూసినా నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

కొండపల్లితో మొదలుపెడతాను. ఇక్కడికి 20 కిలోమీటర్ల దూరం. మీలో చాలామంది ఇళ్లలో దశావతారాలో, ఏనుగు అంబారీయో, తాటిచెట్టెక్కే గీత కార్మికుడో ఉండే ఉంటాడు. ఈసారి ఆ బొమ్మని అల్మారాలోంచి తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. ఆ సైజుకి ఉండాల్సిన బరువు ఉండదు. అది తెల్ల పొణికి చెక్క. మెత్తగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. కానీ పచ్చిగా చెక్కితే ఆ తర్వాత బీటలిస్తుంది. అందుకే ముందు చెక్కని సన్నని సెగ మీద ఉంచి లోపలి చెమ్మంతా పోగొడతారు. మంట పెద్దదైతే మాడిపోతుంది, చాలకపోతే నడుమ పచ్చి మిగిలిపోతుంది.

ఏనుగు తొండం, చెవులు, కాళ్లు, పైన అంబారీ అన్నీ విడివిడిగా చెక్కి అతికిస్తారు. అతికేది మక్కుతో. చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపి చేసుకునే ముద్ద అది. మీ బొమ్మ మెడ దగ్గర గోరుతో మెల్లగా రాసి చూడండి, అతుకు ఎక్కడుందో దొరకదు. మక్కు ఆరాక ఆకురాయితో నున్నగా అరగదీస్తారు, సుద్ద పూత వేస్తారు, అదీ ఆరాక రంగులు. ఇన్నిసార్లు ఆరబెట్టడమే ఆ పనిలో సగం కాలం తింటుంది. ఈ బొమ్మలకి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే కొండపల్లి బొమ్మ అన్న పేరు ఆ ఊరి పనికే చెందుతుందని. గుర్తింపు మంచిదే, కానీ నాకు దిగులుగా ఉన్నది చెక్క గురించి. కొండపల్లి చుట్టుపక్కల అడవిలో పొణికి చెట్లు పలచబడిపోయాయి. బొమ్మని ఇంత మురిపెంగా చూసుకునే మనం చెట్టుని కూడా పట్టించుకోవాలి. మొక్కలు నాటించడం గురించి ఎవరు ముందుకొచ్చినా నేను వాళ్ల వెంట ఉంటాను.

రెండోది మంగళగిరి. గుంటూరు నుంచి వస్తూ బస్సులో ఎన్నిసార్లు దాటి ఉంటానో! ఆ చీరలో ఒళ్లంతా సాదాగా ఉంటుంది, అంచు దగ్గర మాత్రం నిజాం అంచు అనే జరీ అంచు పదునుగా నిలబడుతుంది. ఖాళీ ఎంత వదలాలో తెలిసిన నేత అది. నా పలకల మీద ఖాళీ వదలడం నేను నేర్చుకున్నది ఆ చీరల నుంచే. అక్కడ నేసేది గుంట మగ్గం మీద. నేతగాడు కాళ్లు గుంటలోకి దించి కూర్చుంటాడు. ఆ గుంట కాళ్లకి మాత్రమే అనుకుంటాం. నేలలోంచి వచ్చే చల్లదనం పడుగు నూలు, అంటే మగ్గం మీద పొడుగునా బిగించిన పోగులు, ఎండిపోకుండా కాపాడుతుంది. మన మే నెల వడగాలికి నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంటే ఆ మాత్రం చెమ్మే నేతగాడిని ఆదుకుంటుంది. అదే గుంట వానాకాలంలో శత్రువు. నీరు ఊరిందంటే మగ్గం ఆగినట్టే, ఆ వారం కూలి పోయినట్టే. చీర ధర దగ్గర బేరమాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోమని నా మనవి.

ఇక సంగీతం. ఉదయం పలకలకి పూత వేసే వేళ నాదస్వరం వింటాను. ఈ మధ్య ఎక్కువగా వింటున్నది షేక్ చినమౌలానా గారిని. 1924లో కరవదిలో పుట్టారు. ఆ ఊరు ఒంగోలు పక్కన, అప్పట్లో మన గుంటూరు జిల్లాలోదే. చిలకలూరిపేటలో నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. చిలకలూరిపేట చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గుళ్లలో, పెళ్లిళ్లలో మంగళవాయిద్యం మోగిస్తున్నాయి. ఇది మన ప్రాంతపు ఆస్తి. ఎక్కడికెళ్లినా నేను గట్టిగా చెప్పుకుంటాను.

విద్వాంసులు వాయించే ముందు ఏం చేస్తారో ఈసారి పెళ్లిలో దగ్గరికెళ్లి చూడండి. ఊదే చోట పెట్టే పీక రెల్లు జాతి గడ్డితో చేసింది. దాన్ని నోట్లో పెట్టుకుని కాసేపు తడుపుతారు. ఎండు పీక పలకదు, గీరుకుంటుంది. మరీ నానితే శ్రుతి జారుతుంది. పీక నానాలి, గొట్టం మాత్రం బాగా ఆరి ఉండాలి. తమిళనాడులోని నరసింగంపేటలో నాదస్వరాలు చేసేవాళ్లు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన కలపని వెతికి కొంటారు. ఏళ్ల తరబడి ఇంటి కప్పు కింద ఆరిన చెక్క అది. ఈ సంగతి తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో! కొండపల్లివాళ్లు సెగతో సాధించేదాన్ని వీళ్లు కాలంతో సాధిస్తున్నారు.

సాయంత్రాలు బుర్రకథ వింటాను. గుంటూరు పక్కన పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్ గారి గొంతు విన్నవాళ్లు ఈ సభలో పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చింది. కథకుడి భుజం మీద తంబురా, వేలికి అందెలు, పక్కన ఇద్దరు వంతలు. ఒకరు నవ్విస్తారు, ఒకరు ఆ రోజుల రాజకీయం మాట్లాడతారు. పల్నాటి యుద్ధం కథలో బాలచంద్రుడు కదనానికి బయల్దేరే చోట నా కుంచె తనంతట తాను వేగం పెంచుకుంటుంది. అక్కడ గీసిన గీత మామూలు వేళ గీసినట్టుండదు, ఎవరైనా పట్టేయొచ్చు.

చర్మవాద్యాలన్నిటిదీ తడితో తగువే. మా ఊళ్లో డప్పు కళాకారులు మొదలుపెట్టే ముందు గడ్డి మంట దగ్గర డప్పు కాచుకుంటారు. ముసురు పట్టిన రోజైతే మధ్యలో కూడా కాచుకోవాల్సిందే, చర్మం సడలి శబ్దం మొద్దుగా వస్తుంది కాబట్టి. మృదంగానికి ఇది తలకిందులు. ఎడమ మూత మీద రవ్వ తడిపి ముద్ద చేసి అద్దుతారు. ఆ ముద్ద ఎండుతున్న కొద్దీ నాదం మారుతుంది, కళాకారుడు వేలితో నీటి చుక్క అద్ది మళ్లీ దారికి తెస్తాడు. కచేరీలో నేను చాలాసేపు ఆ వేలినే చూస్తూ కూర్చుంటాను.

మొక్కల దగ్గరికొద్దాం. చాలామంది ఇళ్లలో మొక్కలు చచ్చిపోయేది నీళ్లు లేక అనుకుంటారు. ఇంట్లో కుండీ మొక్కల్లో ఎక్కువ పోయేది నీళ్లు ఎక్కువై. వేళ్లకి గాలి కావాలి. మట్టిలో సందులన్నీ నీళ్లతో నిండితే ఊపిరాడక వేరు కుళ్లుతుంది. ఆకు వాడిపోతుంది, అయ్యో దాహమేమో అని మనం ఇంకో చెంబు పోస్తాం. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించి చూడండి. చల్లగా తగిలి, మట్టి వేలికి అంటుకుందంటే ఆ రోజుకి నీళ్లు వద్దు. ప్లాస్టిక్ కుండీ కంటే మట్టికుండీ మేలు, గోడలోంచి కూడా తడి బయటికి పోతుంది.

నా దగ్గర ఇప్పుడు ముద్దుగా పెరుగుతున్నవి స్నేక్ ప్లాంటు, జెడ్‌జెడ్ ప్లాంటు, తమలపాకు తీగ. జెడ్‌జెడ్ మట్టిలో దుంపలు పెంచుకుని వాటిలో నీళ్లు దాచుకుంటుంది, రెండు మూడు వారాలు మరిచిపోయినా ఏమనదు. స్నేక్ ప్లాంటు పగటి ఎండలో ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. విజయవాడ ఎండలకి అంతకంటే తెలివైన ఏర్పాటు ఏముంది! తమలపాకు వీటికి పూర్తిగా ఎదురు. నీడ కావాలి, చెమ్మ కావాలి, అయినా వేరు దగ్గర నీరు నిలవకూడదు. మన జిల్లా రైతులు ఆకుతోటల్లో అవిశ చెట్లు పెంచి వాటి మీదికి తీగని పాకిస్తారు, ఆ చెట్టే ఊతం, అదే నీడ. నేను వంటింటి కిటికీ పక్కన, కొబ్బరి పీచు చుట్టిన కర్రకి పాకించాను. పీచు తడిపితే చాలు, తీగ కణుపు దగ్గర చిన్న చిన్న వేళ్లు వేసి పట్టుకుంటుంది.

మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయని అమ్మేవాళ్లు చెబుతుంటారు. 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో చేసిన పరీక్షల నుంచి ఆ మాట పుట్టింది. 2019లో ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి లెక్కగట్టిన శాస్త్రవేత్తలు, కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలన్నారు. కాబట్టి కిటికీ తెరవండి. మొక్కని మొక్క కోసం పెంచుకోండి, అది చాలు.

చివరిగా ఒక పని చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడని ముంచినప్పుడు ఎన్నో ఇళ్లలో చెక్క సామాను, బొమ్మలు నానిపోయాయి. అలా ఎప్పుడైనా తడిస్తే ఎండలో పెట్టకండి. ఒక్కసారిగా ఆరితే చెక్క పగులుతుంది, రంగు పెచ్చులూడుతుంది. గుడ్డతో అద్ది, నీడలో, గాలి తగిలేలా నిదానంగా ఆరనివ్వండి.

ఇంకొకటి. ఇప్పుడు శ్రావణం. ముసురు రోజుల్లో కొండపల్లిలో చెక్క ఆరడం, మక్కు ఆరడం, పూత ఆరడం అన్నీ ఆలస్యమే. సంక్రాంతి కొలువుకి బొమ్మలు కావాలనుకునేవాళ్లు డిసెంబరు దాకా ఆగకండి. ఈ ఆదివారమే బొమ్మల కాలనీకి వెళ్లి, ఏ బొమ్మ కావాలో చెప్పి, కొంత అడ్వాన్సు చేతిలో పెట్టి రండి. నేనూ ఆదివారం పొద్దున అక్కడే ఉంటాను. రావాలనుకునేవాళ్లు సభ అయ్యాక నాతో చెప్పండి, కలిసి వెళ్దాం.