పండగ ముందు విన్న మాట అసెంబ్లీ దాకా వెళ్లాలి

నమస్కారం. సంక్రాంతి ఇంకా నెల రోజులు ఉండగానే విశాఖపట్నంలో ఎమ్మెల్యేలకు ఊపిరి సలపదు. ఈసారి మా ఎమ్మెల్యే గారి పర్యటనల వెంట నేనూ తిరిగాను. ఉదయం వార్డు పర్యటన, మధ్యాహ్నం ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కుల పంపిణీ, రాత్రి అయ్యప్ప స్వాముల పడిపూజ. మార్గశిర గురువారమైతే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం. క్రిస్మస్ దగ్గరపడగానే చర్చిలో కేకు, ఆ తరువాత ముగ్గుల పోటీలు.

ఇదంతా ఫొటోల కోసమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆసుపత్రి బిల్లు కట్టడానికి పుస్తెలు తాకట్టు పెట్టిన ఇల్లాలికి ఆ చెక్కు చేతికి అందిన రోజే పండగ. బురుజుపేటలో అమ్మవారికి గోపురం లేదు, ఎవరి పసుపు కుంకుమలు వాళ్లే స్వయంగా సమర్పించుకుంటారు. ఆ క్యూలో ఎమ్మెల్యే పక్కన నిలబడ్డ మనిషి, మధ్యవర్తి లేకుండా తన గోడు కూడా చెప్పుకోగలుగుతాడు. ఆ అవకాశం ఏడాదంతా దొరికేది కాదు.

అయితే నా మనసులో నిలిచిపోయింది వేరే చోటు. ఒక కొండవాలు కాలనీ. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే, వెంట వచ్చినవాళ్లలో సగంమంది మధ్యలోనే కూర్చుండిపోయారు. పైన ఒక పెద్దావిడ ఎమ్మెల్యే గారి చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. కొండను తొలిచి కట్టిన ఇల్లు. వెనక రాళ్లు పేర్చి, ఇసుక బస్తాలు దన్నుగా పెట్టారు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పక్కింటి వెనక మట్టి జారిపడటం ఆమె కళ్లారా చూసింది.

"వాన పడితే నిద్ర పట్టదు బాబూ. మనవలను ముందు గదిలో పడుకోబెట్టి, నేను ఈ రాళ్లకేసి చూస్తూ కూర్చుంటాను" అంది.

ఆయన ఒక రాయి మీద చెయ్యి వేశారు. మట్టి పొడిపొడిగా రాలింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఇంజనీరును పంపిస్తానమ్మా" అన్నారు. ఆమె ఇచ్చిన అర్జీ మనవడి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. దాన్ని తన జేబులోనే పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఇంటి వెనక రక్షణ గోడ ఒక్కటీ అయితే నగర కార్పొరేషన్ కట్టగలదు. అక్కడ ఎమ్మెల్యే కూడా ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యుడే, గట్టిగా అడగవచ్చు. కానీ 98 వార్డుల నగరంలో ఇలాంటి కొండవాలు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అన్నింటికీ రక్షణ గోడలు కట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వం నిధులు ఇవ్వాలి. సంక్రాంతి వెళ్లిన కొద్ది వారాలకే వెలగపూడిలో అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు మొదలవుతాయి. ఆ జేబులోని కాగితం ప్రశ్నోత్తరాల సమయంలో బయటికి రావాలని నా కోరిక. విశాఖ కొండవాలు ప్రాంతాల్లో ఎన్ని గోడలు మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, మిగిలినవాటికి డబ్బు ఎప్పుడిస్తారు? సభలో అడిగితే మంత్రి జవాబు చెప్పాలి. చెప్పిన జవాబు రికార్డులో ఉంటుంది. మెట్ల మీద ఇచ్చిన మాటకు ఆ బలం లేదు.

మీకూ ఒక మాట. ఎమ్మెల్యే గారికి అర్జీ ఇస్తే నకలు దగ్గర పెట్టుకోండి, తేదీ వేయండి. అదే అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఎవరినైనా అడగాలంటే చేతిలో ఆ ముక్క ఉండాలి.

మేము దిగి వస్తుంటే ఆ పెద్దావిడ గుమ్మంలో నిలబడి "పండక్కి అరిసెలు వండుతాను, రా బాబూ" అని ఎమ్మెల్యే గారిని పిలిచింది. కనుమ వెళ్లాక నేను మళ్లీ ఆ మెట్లు ఎక్కుతాను. ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకున్నారో లేదో అక్కడి నుంచే మీకు చూపిస్తాను.