మా సైకిల్ టైమ్ వాళ్ల చేతికెళ్లాక

(హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, లెక్చరర్లకు, ముందు కూర్చున్న పిల్లలకు నమస్తే. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన 20 నిమిషాల్లో ఐదు అక్కడే పోతాయి. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

కార్డు మీద ‘సప్లయ్ చెయిన్‌లో డిజిటల్ డేటా షేరింగ్’ అని వేశారు. నాకు తెలిసింది లోహం చెక్కే లేత్. మడికొండలో చిన్న షెడ్డు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు రెండు, తొమ్మిది మందిమి. జిన్నింగ్ మిల్లుల స్పేర్లతో మొదలుపెట్టి, తర్వాత ఒక పెద్ద కంపెనీకి బుష్‌లు, అంటే షాఫ్ట్ చుట్టూ వేసే చిన్న లోహపు గొట్టాలు, చేశాం.

ఆ కంపెనీ వాళ్లు ఒక పోర్టల్ పెట్టారు. ఎన్ని పీసులయ్యాయి, ఎన్ని రిజెక్ట్, రాడ్ స్టాక్ ఎంత, పీసుకు ఎంత టైమ్ (దాన్నే సైకిల్ టైమ్ అంటారు), అన్నీ ఏ రోజుకారోజు ఎక్కించాలి. మా అమ్మాయి అన్నం తిన్నాక కూర్చుని కొట్టేది. మూడో నెలలో పర్చేజ్ ఆఫీసు నుంచి ఫోన్. ‘‘మీ సైకిల్ టైమ్ 4 నిమిషాల 10 సెకన్లే కదా సార్, 6 నిమిషాల లెక్కన రేటెట్లా అడుగుతున్నారు?’’

నిజమే. కానీ అది టూల్ లోహాన్ని కోసే టైమ్. రాడ్ చక్‌లో బిగించాలి, అంచున లేచిన బర్ తీయాలి, గేజ్ పెట్టి కొలత చూడాలి, కోసే మొన, అదే ఇన్సర్ట్, అరిగితే తిప్పాలి. పోర్టల్‌లో వీటికి గడి లేదు. గడి లేదు కాబట్టి పైసలూ లేవన్నారు. మేం రోజూ కూర్చుని కొట్టిన లెక్కతోనే మా రేటు కోశారు.

మరి వాళ్ల నుంచి మాకు రావాల్సిన డేటా? వచ్చే నెల ఎన్ని కావాలో తెలిస్తే చాలు. డిజైన్ మార్చారు, మాకు చెప్పలేదు. 1,800 బుష్‌లు నూనె రాసి గోనె సంచుల్లో కట్టి పెట్టాం, ఇప్పటికీ తలుపు వెనకే ఉన్నాయి. ఒకటి తెచ్చాను, ఇదిగో. ఒకరి తర్వాత ఒకరు చూడండి. జేబులో వేసుకోకండి, మరక పోదు.

అట్లాగని డేటా ఇవ్వొద్దనడం లేదు. ఇవ్వకుండా ఇక నడవదు. మన పత్తికి కేంద్రం పెట్టిన బ్రాండు కస్తూరి కాటన్ భారత్ కింద పత్తి బేలుకే క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి కరెంటు కార్ల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్, అంటే ఆ బ్యాటరీ వివరాలన్నీ చూపే ఆన్‌లైన్ చిట్టా, తప్పనిసరి. అందులో నింపే వివరాలు కింది సప్లయర్ల దగ్గర్నుంచే రావాలి.

జర్మనీ కార్ల కంపెనీలూ సప్లయర్లూ 2021లో కాటెనా-ఎక్స్ అని డేటా పంచుకునే నెట్‌వర్క్ పెట్టుకున్నారు. అందులో అందరి డేటా ఒకచోట కుప్ప పోయరు, ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎవరు, దేనికి వాడొచ్చో షరతు ముందు ఒప్పుకున్నాకే ఇస్తారు. చేయి దాటాక ఆ షరతుకు కాపలా చాలావరకు ఒప్పంద కాగితమేననుకోండి. అయినా అడగడానికి ఒక కాగితమంటూ ఉంది. యూరప్ డేటా చట్టం 2025 సెప్టెంబర్ 12 నుంచి అమల్లోకొచ్చింది. ఒక కంపెనీ ఇంకో కంపెనీ మీద ఏకపక్షంగా రుద్దిన అన్యాయపు డేటా షరతులు దాని ప్రకారం చెల్లవు. మన 2023 డేటా రక్షణ చట్టం మనుషుల వ్యక్తిగత వివరాలకే. నా లేత్ ఎంతసేపు తిరిగిందో దాని కిందికి రాదు. నాకున్నదల్లా పర్చేజ్ ఆర్డర్ వెనకుండే సన్నక్షరాలు. అవి చదవకుండానే సంతకం పెట్టాను, ఆ తప్పు నాదే.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు చేతులెత్తండి. అబ్బో! మెకానికల్? ...సరే. రేపు ఈ పోర్టళ్లు రాసేది మీరే. రాడ్ బిగించే, గేజ్ చూసే ఆ సెట్టింగ్ టైమ్‌కు ఒక గడి పెట్టండి బిడ్డా. కంపెనీ ప్లాన్ మారిన రోజే మాకు కనబడేట్టు ఒక స్క్రీన్ పెట్టండి. ‘క్లయింట్ అడగలేదు’ అంటారేమో, మీరే అడిగి చూడండి.

టైమ్ అయిందని చిట్టీ వచ్చింది. ఆ బుష్ ఎక్కడిదాకా పోయింది? వెనక వరుస దాకా పోనీయండి. తిరిగి రాకున్నా ఫర్వాలేదు, ఇంకా 1,799 ఉన్నాయి.