రాసుకుంటేనే గుర్తుండే బాకీలు

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం, పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మొహర్రం నెలలో మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఆ నీళ్లలో దిగని వాళ్లు తక్కువే ఉంటారు. బారా షహీద్ దర్గాలో మొక్కుకుని, చెరువులో నిలబడి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలోంచి రొట్టె తీసుకుంటాం. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. ఎవరి కోరిక వాళ్లది. కులం, మతం ఎవరూ అడగరు. కోరిక తీరిన వాళ్లు తర్వాతి ఏడాది అదే రొట్టె చేసుకొచ్చి, అడిగిన వాళ్ల చేతిలో పెట్టాలి.

నాకు ఆ పండగలో ఎక్కువ ఇష్టమైంది ఈ రెండో సగమే. కోరిక ఉన్నవాళ్లు రావడంలో వింత లేదు. తీరిపోయిన వాళ్లు కూడా పని మానుకుని, బస్సెక్కి, పిండి కలిపి రొట్టెలు కాల్చుకుని రావడం చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. చెరువు గట్టున తీసుకున్న రొట్టెను ఎవరూ మర్చిపోరు.

మరి రోజూ మన చేతికి వచ్చే రొట్టెల సంగతి? ఆస్పత్రి వరండాలో లేచి చోటిచ్చిన మనిషి, పరీక్ష రోజు పెన్ను ఇచ్చిన పిల్ల, అర్ధరాత్రి ఫోన్ ఎత్తిన మరదలు. వీళ్లకు పండగ లేదు. వారం తిరిగేసరికి మర్చిపోతాం. ఈరోజు నేను డైరీ గురించి మాట్లాడతానని ఒప్పుకున్నది దీని కోసమే.

మా నాయన రైతు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, కనిగిరి రిజర్వాయరు కింద మూడెకరాల మాగాణి ఉండేది. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆయన దగ్గర ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దు పుస్తకం ఉండేది. దానికి దారంతో ఒక పెన్సిలు కట్టి ఉండేది. రాత్రి అన్నం తిన్నాక, అరుగు మీద కూర్చుని రాసేవాడు. నాట్లకు 14 మంది. యూరియా 2 మూటలు, బాకీ. మొదటి పంట 9 పుట్లు. పుట్టంటే మన దగ్గర 850 కిలోలు, బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. చిన్నప్పుడు ఆ పుస్తకమంటే నాకు లెక్కలే.

ఆయన 2009లో పోయారు. పెద్దకర్మ అయిపోయాక పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం చేతికి తగిలింది. చివరి పేజీ తిప్పితే, పైన 'ఇయ్యాల్సినవి' అని రాసుంది. అప్పులేమో అనుకుని గుండె ఝల్లుమంది. చదివితే అవి డబ్బు బాకీలు కావు.

'పెద్దమ్మాయి ఫీజు కట్టే రోజు అడక్కుండానే చేతిలో డబ్బు పెట్టినాడు. డబ్బు ఇచ్చేశా. మాట ఇంకా ఇయ్యలా.'

పక్కన ఆ మనిషి పేరుంది. ఆ పెద్దమ్మాయిని నేనే. ఇలాంటివి పదకొండు ఉన్నాయి. కొన్ని కొట్టేసి ఉన్నాయి, అంటే వెళ్లి ఆ కృతజ్ఞత మాట చెప్పేశారన్నమాట. మూడు మిగిలాయి. వాటిలో ఒకటి ఇది: 'తుపాను రాత్రి అమ్మను నులక మంచంతో బడి కాడికి మోసినోళ్లు నలుగురు. కూలి తీసుకోలా.' అది 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను. మా అవ్వకు అప్పటికే నడక పోయింది. మంచం మోసింది మా ఇంటి మగవాళ్లేనని నేను ఇరవయ్యేళ్లుగా అనుకుంటున్నాను.

ఆ వారమే నేను రాయడం మొదలుపెట్టాను.

మొదటి మూడు నెలలు నేను రాసింది ఎందుకూ పనికిరాలేదు. ఎందుకో చెబుతాను, మీకు ఆ మూడు నెలలు కలిసొస్తాయి. 'దేవుడి దయ వల్ల అందరం బాగున్నాం. ఆరోగ్యం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మంచి కుటుంబాన్ని ఇచ్చినందుకు కృతజ్ఞతలు.' రోజూ ఇదే. పదో రోజుకు చెయ్యి దానంతట అదే రాసేస్తుంటే మనసు వంటింట్లో కుక్కరు దగ్గర ఉండేది. అందులో మనిషి లేడు, రోజు లేదు, జరిగిన సంగతి లేదు.

దీని మీద పరిశోధనలు జరిగాయి. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కలో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు తాము చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒక ప్రయోగంలో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికోసారి తమకు కృతజ్ఞత కలిగించిన సంగతులు ఐదు దాకా రాయాలి. రెండో గుంపు చికాకు పెట్టినవి రాయాలి. మూడో గుంపు ఊరికే జరిగినవి రాయాలి. పది వారాల తర్వాత మొదటి గుంపు వాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా, వచ్చే వారం గురించి ఎక్కువ ఆశగా ఉన్నారు. ఒంట్లో బాగాలేదన్న ఫిర్యాదులు తగ్గాయి. వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. సోన్యా ల్యుబొమిర్‌స్కీ అనే ఇంకో శాస్త్రవేత్త ఆరు వారాల పాటు చూస్తే, వారానికోసారి రాసినవాళ్లలో సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లలో పెరగలేదు. ఎక్కువసార్లు రాస్తే అది మొక్కుబడి అయిపోతుందని నా అనుభవం కూడా. అందుకే కృతజ్ఞత పేజీ నేను ఆదివారం మాత్రమే రాస్తాను. మిగతా రోజుల్లో జరిగినవి రెండు మూడు ముక్కల్లో రాసి పెట్టుకుంటాను.

ఎలా రాస్తే పనికొస్తుందో నా డైరీలోంచి ఒక పేజీ చదువుతాను. 2021 నవంబరు 21, ఆదివారం. పెన్నకు వరద వచ్చిన రోజులు మీ అందరికీ తెలుసు. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

'కరెంటు లేదు. ఆరున్నరకు పాల అబ్బాయి మోకాలి లోతు నీళ్లలో సైకిలు తోసుకుంటూ వచ్చాడు. రెండు ప్యాకెట్లు అడిగాను. ఒకటే ఇచ్చాడు. వెనక వీధిలో పసిబిడ్డ ఉందమ్మా అన్నాడు. నాకు కోపం వచ్చింది. తలుపు వేసుకున్నాక సిగ్గేసింది. మాకు నిన్నటి పాలు అరలీటరు ఉన్నాయి. ఉన్నాయని తెలిసే రెండు అడిగాను.'

ఇంతే రాశాను. ఇందులో కృతజ్ఞత అనే మాటే లేదు. కానీ ఆ అబ్బాయి సైకిలు హ్యాండిలుకు వేలాడుతున్న తడి సంచి ఈ రోజుకీ నా కళ్లకు కనిపిస్తుంది. వాడికి నేను బాకీ ఉన్నానని తెలుసు. నేనేం చేశానో కూడా తెలుసు. పద్దులో జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు ఎలా ఉంటాయో, డైరీలో కూడా మనకు అందింది ఒకవైపు, మనం చేసింది ఒకవైపు ఉండాలి. అందింది మాత్రమే రాసుకునే డైరీ నా దృష్టిలో సగం పుస్తకమే.

ఈ రెండో వైపు గురించి ఇంకొంచెం చెప్పాలి. నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేశాను. ఊరి పేరు చెప్పను. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చేది. ఎందుకని అడిగితే తల వంచుకునేది. ఒకరోజు అందరి ముందు గట్టిగా తిట్టి, పీరియడ్ అంతా బయట నిలబెట్టాను. ఆ రాత్రి డైరీ తెరిచి, నాదే న్యాయం అన్నట్టు రాసుకున్నాను. రాశాక ఎందుకో వెనక పేజీలు తిప్పాను. రెండు వారాల్లో ఆ అమ్మాయి గురించి నాలుగుసార్లు రాశాను. నాలుగింటిలోనూ దాదాపు ఒకే మాట: ఆలస్యం, అడిగితే చెప్పదు. డిసెంబరు నెల. అప్పుడు తట్టింది, నాట్ల కాలం! తెల్లారకముందే ఆటోల్లో ఆడవాళ్లు పొలాలకు వెళ్లిపోతారు. తల్లి వెళ్లిపోతే ఇంట్లో చిన్నవాళ్లకు అన్నం పెట్టి, బడికి తయారు చేసేది ఎవరు?

మర్నాడు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. ఔను మేడమ్, తమ్ముళ్లిద్దరు అంది. రైతు బిడ్డను, నాట్లంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా నాలుగు సార్లు నా కళ్ల ముందు నిలబడిన పిల్ల చెప్పలేని మాట, నాలుగు పేజీలు పక్కపక్కన పెట్టుకుంటే గానీ నాకు అందలేదు. ఆ అమ్మాయికి క్లాసు ముందే సారీ చెప్పాను. తిట్టింది అందరి ముందు కాబట్టి. ఆత్మవిమర్శ అనేది పెద్ద మాటగా వినిపిస్తుంది. నా వరకు అది పాత పేజీ తిప్పి చూడడం. రాసి మూసేస్తే సగం పని. నెలకోసారి వెనక్కి వెళ్లి చదవండి. మీరు ఎవరి మీద ఎక్కువ విసుక్కుంటున్నారో, ఏ రోజుల్లో విసుక్కుంటున్నారో మీ చేతిరాతే చెబుతుంది.

ఇది కొత్తగా వచ్చిన అలవాటు కాదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారి పొడవునా రాసుకుంటూ వెళ్లారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం మనకు పక్కనే ఉంది. ఆయన తనతో పనిచేసే వాళ్లను డైరీ రాయమని పదే పదే చెప్పేవారు. 1930లో దండి యాత్రలో నడిచిన వాళ్లకు ప్రార్థన, నూలు వడకడం, డైరీ రాయడం మూడూ నియమాలే. ఎండలో మైళ్ల కొద్దీ నడిచి, కాళ్లు బొబ్బలెక్కి, రాత్రి కూర్చుని రాయడమంటే ఊహించండి. టైము లేదనే మాట నేను అనబోయినప్పుడల్లా ఆ కాళ్లు గుర్తొస్తాయి.

ఇప్పుడు ఒక విషయం, ముఖ్యంగా ఇక్కడున్న అమ్మలకు. కృతజ్ఞత పేరుతో అన్యాయాన్ని కప్పిపెట్టకండి. కొట్టే భర్తకు, కూలి ఎగ్గొట్టే యజమానికి 'అయినా పర్లేదు, నాకు ఇంత ఉంది' అని రాసుకుంటే అది కృతజ్ఞత కాదు. కోపాన్ని కోపంగానే రాయండి. తేదీ వేసి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి.

బాధ గురించి రాసేటప్పుడు మొదట్లో ఇంకాస్త దిగులుగా ఉంటుంది. అది మామూలే. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనేవాళ్లు వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, లోపల దాచుకున్న బాధ గురించి విద్యార్థులతో రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు మనసు బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిన సంగతినీ దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన అవసరం తగ్గింది. కానీ వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా డైరీతో సరిపెట్టుకోవద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మనుషులతో మాట్లాడాల్సిన సమయంలో కాగితంతో మాట్లాడుతూ కూర్చోవద్దు.

మిగతావి చిన్న సంగతులు. నోటు పుస్తకమా, ఫోనా అని అడుగుతారు. మీకు ఏది చేతికి అందితే అది. నేనైతే నోటు పుస్తకమే అంటాను, ఫోన్ తీస్తే వాట్సాప్ పిలుస్తుంది. ఉమ్మడి ఇంట్లో ఎవరైనా చదువుతారని టెన్షన్ ఉంటే బీరువాలో చీరల అడుగున పెట్టి తాళం వేసుకోండి, అందులో తప్పేమీ లేదు. ఇంట్లో వాళ్లకు కూడా చెబుతున్నాను, ఎదుటివాళ్ల డైరీ తెరవకండి. పిల్లలదైనా సరే.

చివరగా, మా నాయన పేజీలో మిగిలిపోయిన మూడు గురించి. ఒకరి ఆచూకీ దొరకలేదు. ఒకరింటికి వెళ్లేసరికి ఆయన పోయి ఆరు నెలలైంది, వాళ్ల కొడుక్కి చదివి వినిపించి వచ్చాను. మంచం మోసిన నలుగురిలో ముగ్గురు లేరు. నాలుగో ఆయన్ని పోయిన సంక్రాంతికి వెళ్లి కలిశాను. నాయన పోయినప్పుడే వెళ్లాల్సింది. ఇన్నేళ్లు ఆలస్యం చేశాను, దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఆయన వేపచెట్టు కింద మంచంలో పడుకుని ఉన్నారు. ఎనభై దాటింది. నేను ఎవరి కూతుర్నో చెబితే లేచి కూర్చున్నారు. ఆ రాత్రి సంగతి ఆయనకు గుర్తు లేదు. "ఆ రేత్రి ఎంతమందిని మోశామో పాపా, ఎవురని గుర్తుంటది" అన్నారు. పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివాను.

"ఇంకోసారి చదువు" అన్నారు.

చదివాను.

"నా పేరుందా అందులో?"

"ఉంది మామా. ఇదుగో, ఇక్కడ."

ఆయనకు చదువు రాదు. పేరు ఉన్నచోట వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచారు. తర్వాత అది ఒక కాగితం మీద రాసివ్వమన్నారు. నా డైరీలోంచి కాగితం చించి, మా నాయన మాటలను అలాగే దించి ఇచ్చాను. కోడల్ని పిలిచి, రేషన్ కార్డు ఉండే కవరు తెప్పించుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అందులో దాచుకున్నారు.

ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని మా నాయన పెన్సిలుతోనే కొట్టేశాను.

మీరు అడగాల్సినవి ఉంటే ఇప్పుడు అడగండి.