నెగెటివ్ వచ్చాక మొదలయ్యే జాగ్రత్త

అందరికీ నమస్కారం. అవయవ మార్పిడి చేయించుకున్నవారు, వారిని కంటికి రెప్పలా చూసుకుంటున్న కుటుంబసభ్యులు ఈ సభకు ఎక్కువగా వచ్చారు. అందుకే సూటిగా విషయంలోకి వస్తాను. తీవ్రమైన కోవిడ్ నుంచి బయటపడి, పరీక్షలో నెగెటివ్ వచ్చి ఇల్లు చేరగానే గండం గడిచిందనుకుంటాం. మీ విషయంలో ఆ తర్వాతి వారాలు కూడా గండమే.

మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం పరాయిదిగానే చూస్తుంది. దానిపై దాడి చేయకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. కోవిడ్ ముదిరితే వైరస్‌తో పోరాడే శక్తి కోసం వైద్యులు సాధారణంగా మైకోఫినోలేట్‌ను కొన్నాళ్లు ఆపుతారు. ఎక్కువ కాలం ఆపితే శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించవచ్చు, తొందరపడి మొదలుపెడితే ఇన్ఫెక్షన్ తిరగబెట్టవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ మందు మళ్లీ ఎప్పుడు, ఎంత మోతాదులో మొదలుపెట్టాలో మీ మార్పిడి వైద్యులే చెప్పాలి. సొంతంగా నిర్ణయించుకోకండి.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కోవిడ్ తర్వాత రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటకు పంపాల్సిన వ్యర్థం, పెరిగిందనుకోండి. వైరస్ వల్ల, ఆక్సిజన్ తగ్గడం వల్ల కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు. ఆ విరేచనాల వల్లే రక్తంలో టాక్రోలిమస్ పెరిగి, ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తూ ఉండవచ్చు. లేదా తిరస్కరణ మొదలై ఉండవచ్చు. రిపోర్టులో అంకె ఒకటే, చికిత్సలు మాత్రం ఒకదానికొకటి విరుద్ధం. అందుకే కొన్నిసార్లు బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, తప్పదు. తిరస్కరణ చాలామందిలో నొప్పి లేకుండానే వస్తుంది కాబట్టి, ఒంట్లో బాగానే ఉందని రక్తపరీక్షలు వాయిదా వేయడం చాలా ప్రమాదం. ఇంకొక మాట: టాక్రోలిమస్ పరీక్షకు రక్తం ఇచ్చాకే ఉదయపు మాత్ర వేసుకోవాలి. ముందే వేసుకుంటే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే అసలుకే మోసం వస్తుంది.

కోవిడ్‌కు ఇచ్చే స్టెరాయిడ్లు ప్రాణాలు కాపాడతాయి, కానీ చక్కెరను పెంచుతాయి. పెరిగిన చక్కెర, అణిగిన రోగనిరోధక శక్తి కలిసినచోట బ్లాక్ ఫంగస్ చొరబడుతుంది. ముఖంలో ఒకవైపు తిమ్మిరి లేదా వాపు, ముక్కు నుంచి నల్లని స్రావం, వస్తువులు రెండుగా కనిపించడం, అంగిట్లో నల్లని మచ్చ, పళ్లు కదలడం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దానికి వాడే ఆంఫోటెరిసిన్ మందు కూడా కిడ్నీకి భారమే. అందుకే ఆలస్యం కాకముందే పట్టుకోవాలని ఇంతగా చెబుతున్నాను. శరీరంలో నిద్రాణంగా ఉండే సైటోమెగలో వైరస్ కూడా ఈ సమయంలోనే తిరిగి లేవవచ్చు. తగ్గని జ్వరం, విరేచనాలు, పడిపోతున్న తెల్ల రక్తకణాలు దాని గుర్తులు.

మందుల మధ్య గొడవ నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. కోవిడ్‌కు ఇచ్చే పాక్స్‌లోవిడ్ మాత్రల్లోని రిటోనవిర్, టాక్రోలిమస్‌ను కరిగించే కాలేయ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. రక్తంలో టాక్రోలిమస్ విషపు స్థాయికి చేరుతుంది, కోర్సు ముగిశాక కూడా ఆ ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది. ఫంగస్‌కు ఇచ్చే పోసకొనజోల్, మామూలుగా రాసే క్లారిత్రోమైసిన్ కూడా ఇలాంటివే. కొత్త వైద్యుడి దగ్గరకు వెళితే మీ మందుల జాబితా చేతిలో ఉండాలి.

టీకాల సంగతి చెప్పి ముగిస్తాను. 2021లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అవయవ మార్పిడి జరిగిన 658 మందిని పరిశీలిస్తే, ఎంఆర్‌ఎన్‌ఏ రకం కోవిడ్ టీకా రెండు డోసుల తర్వాత వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు కనిపించినవారు 54 శాతమే. అందుకే మీకు అదనపు డోసులు సిఫార్సు చేస్తున్నారు. మీతో ఒకే ఇంట్లో ఉండేవారు కూడా తప్పక వేయించుకోవాలి. ఇక మీ ప్రశ్నలు అడగండి.