టర్బో మార్చమని చెప్పేముందు

తోటి మెకానిక్‌లకు, ఐటీఐ నుంచి వచ్చిన తమ్ముళ్లకు నమస్కారం.

"పికప్ లేదన్నా, ఘాట్ ఎక్కనంటోంది" అని ఎవరైనా డీజిల్ బండి తెస్తే, మన నోట ముందుగా వచ్చే మాట "టర్బో పోయింది". ఓనరు గుండెలో రాయి పడుతుంది. ఆ మాట అనేముందు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంచే గొట్టం) మీదో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు మీదో ఉండే బూస్ట్ సెన్సర్‌ను ఒకసారి చూడండి.

టర్బో అంటే ఎగ్జాస్ట్ వేగంతో టర్బైన్ తిప్పి ఇంజన్‌లోకి గాలి కుక్కడం. ఈ పద్ధతికి స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. అలా కుక్కిన గాలి ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను, కొలిచి ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకి చెప్పడమే బూస్ట్ సెన్సర్ పని. లోపల పలుచని సిలికాన్ పొర ఉంటుంది. ఒత్తిడికి అది వంగితే దాని మీది రెసిస్టర్ల విలువ మారుతుంది. ఈసీయూ 5 వోల్టులు పంపుతుంది, సుమారు అర నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య సిగ్నల్ తిరిగి వస్తుంది. డీజిల్ ఎంత కొట్టాలి, టర్బో వేన్లు (ఎగ్జాస్ట్‌ను టర్బైన్ మీదికి మళ్లించే రెక్కలు) ఎంత తిప్పాలి అన్నది ఈసీయూ దీన్ని బట్టే తేలుస్తుంది.

సెన్సర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిందనుకోండి. గాలి లేదనుకుని ఈసీయూ డీజిల్ తగ్గిస్తుంది, ఎక్సలేటర్ ఎంత తొక్కినా బండి లాగదు. ఎక్కువ చూపితే డీజిల్ ఎక్కువై నల్లపొగ, మైలేజీ దెబ్బ. తేడా మరీ ముదిరితే చెక్ ఇంజన్ లైటు వెలిగి బండి లింప్ మోడ్‌లోకి, అంటే ఇంజన్‌ను కాపాడుకోవడానికి పవర్ తగ్గించి నడిచే స్థితిలోకి పోతుంది. చాలా బండ్లు ఆర్పి స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే పోయి మళ్లీ మొరాయిస్తాయి.

స్కానర్ పెడితే ఈసీయూ చూపే తప్పు కోడ్ విషయంలో తొందర వద్దు. పీ0299 అంటే బూస్ట్ చాలడం లేదని. అది చాలాసార్లు సెన్సర్ చెబుతున్న నిజం! హోస్ చిరిగిందా, క్లిప్పు వదులైందా, వేన్లు పట్టేశాయా చూడాలి. పీ0237, పీ0238 వస్తే సిగ్నల్ మరీ తక్కువ లేదా మరీ ఎక్కువ అని. అప్పుడు కనెక్టర్, వైరింగ్, 5 వోల్టులు, ఎర్త్ చూసి ఆ తర్వాతే సెన్సర్‌ను అనుమానించాలి.

నాకు బాగా నచ్చిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి స్కానర్‌లో రీడింగ్ చూడండి. ఈ సెన్సర్లు ఎక్కువగా అబ్సల్యూట్ ప్రెషర్ (శూన్యం నుంచి లెక్కించే మొత్తం ఒత్తిడి) కొలుస్తాయి, కాబట్టి ఆ ఊరి గాలి ఒత్తిడే కనపడాలి. విశాఖ తీరంలో దాదాపు 100 కిలోపాస్కల్స్, హైదరాబాద్ ఎత్తులో 95 దగ్గర. "సున్నా రావట్లేదు, పాడైంది" అని మంచి సెన్సర్లను పారేసేవాళ్లున్నారు! 60 చూపినా, 140 చూపినా మాత్రం తేడా ఉన్నట్టే.

ఇది సరిపోతే రోడ్డు మీదికి తీసుకెళ్లండి. నిలబెట్టి ఎంత రేస్ చేసినా లోడు లేక పూర్తి బూస్ట్ రాదు. మూడో గేరులో ఎత్తు ఎక్కిస్తూ ఈసీయూ అడిగిన బూస్ట్, సెన్సర్ చూపిన బూస్ట్ పక్కపక్కన పెట్టి చూడండి. చూపేది ఆలస్యంగా కదులుతుంటే సెన్సర్ మూతి మూసుకుపోయి ఉండవచ్చు. ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) మసి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి తారులా పేరుకుంటాయి. సెన్సర్ తీసి ఎలక్ట్రానిక్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి బిగించండి. పిన్నుతో గెలకొద్దు, కంప్రెసర్ గాలి కొట్టొద్దు, ఆ పొర తట్టుకోదు. సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగు గట్టిపడితే మార్చేయండి, లేదంటే అక్కడే గాలి లీకవుతుంది.

బయట ఒక పికప్ వ్యాన్ పెట్టించాను. స్కానర్ తీసుకుని రండి, తాళం ఆన్ చేసి రీడింగ్ చూద్దాం.