జియోజీబ్రా రివ్యూ: రెండు దోశ బిల్లులు, ఒక ఖాళీ స్క్రీన్

అందరికీ నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నా. మా అక్క కూతురు ఇక్కడే పదో తరగతి, సీబీఎస్ఈ. రేఖీయ సమీకరణాల జతలు చేస్తోంది. "మామయ్యా, జవాబు వస్తోంది గానీ అదేంటో నాకే తెలీట్లేదు" అంది. సరే అని ఈ వారం ఇద్దరం కూర్చుని, సమీకరణం టైప్ చేస్తే దాని గీత గీసి చూపించే జియోజీబ్రా యాప్ వాడి చూశాం. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో ఉండగా 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టింది ఇది. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

పుస్తకం పక్కన పెట్టి మా వీధి దర్శిని (బెంగళూరు చిన్న టిఫిన్ హోటల్) బిల్లులు తీశాం. ఒకరోజు 2 దోశలు, 3 కాఫీలు, 210 రూపాయలు. ఇంకోరోజు 1 దోశ, 2 కాఫీలు, 115. దోశ ధర ఎక్స్, కాఫీ ధర వై. అంటే 2x + 3y = 210, x + 2y = 115.

రెండూ టైప్ చేస్తే స్క్రీన్ ఖాళీ! ఒక్క గీతా లేదు. యాప్ పాడైందని తీసేయకండి. తెరవగానే అది సున్నా చుట్టుపక్కల కాస్తే చూపిస్తుంది. మన మొదటి గీతేమో ఎక్స్ అక్షాన్ని 105 దగ్గర, వై అక్షాన్ని 70 దగ్గర తాకుతుంది. రెండు వేళ్లతో జూమ్ తగ్గించుకుంటూ పోతే అప్పుడు కనబడ్డాయి. కొత్తవాళ్లకి ఈ ముక్క చెప్పేవాళ్లు లేకపోతే కష్టమే. ఇక్కడ మాత్రం మార్కులు కట్.

గీతలు కలిసిన చోట నొక్కితే 75, 20. దోశ 75, కాఫీ 20. నిజం చెప్పాలంటే ఇది కాగితం మీదే త్వరగా తేలుతుంది: రెండో బిల్లు రెట్టింపు చేస్తే 230, అందులోంచి మొదటి బిల్లు తీసేస్తే మిగిలింది ఒక కాఫీ.

అసలు మజా మూడో బిల్లుతో వచ్చింది. 4 దోశలు, 6 కాఫీలు, 430 రూపాయలు. మొదటి బిల్లుతో కలిపి గీస్తే రెండూ ఒకే గీతలా కనిపించాయి. "అయితే అనంత సాధనలు", అంటే గీత మీద ప్రతి చోటూ జవాబే అని పాప తేల్చేసింది. జూమ్ పెంచమన్నాను. పెంచేకొద్దీ ఒక్క గీత కాస్తా రెండుగా విడిపోయింది, రైలు పట్టాల్లా. ఎక్కడా కలవవు, సాధనే లేదు. మొదటి బిల్లుకి రెట్టింపు 420 కదా, మరి ఆ పది ఎక్కడిది? బిల్లు మళ్లీ చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: పార్సిల్ డబ్బాకి 10.

తొలగింపు పద్ధతి (పైన కాగితం మీద చేసిన లెక్కే) నేర్పడానికి ఈ యాప్ పనికిరాదు, బోర్డు పరీక్షలో ఫోనూ ఉండదు, క్యాలిక్యులేటరూ ఉండదు. కానీ "సాధన లేదు" అని రాసి పేజీ తిప్పేసే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక సాయంత్రం దీంతో కూర్చోబెట్టండి. మా పాప ఇప్పుడు దర్శినిలో బిల్లు ఇవ్వగానే ముందు అడుగు లైనే చూస్తోంది.