అప్పు తీర్చే ఇంట్ల కూడ ఒక డబ్బా ఉండాలె

శ్రోతలందరికీ నమస్కారం.

నేను దేవరకొండ దిక్కు ఒక ఊర్లె మహిళా సంఘాల లెక్కలు రాస్తుంట. 14 ఏండ్లాయె. ఎవరు ఎంత పొదుపు కట్టిన్రు, ఎవరి కిస్తు ఆగింది, ఎందుకాగింది, ఇవన్నీ నా చేతిరాతల్నే ఉంటయి. కిస్తు కట్టని అక్కను పక్కకు పిలిచి అడిగితే తల వంచుకోని ఒక్కటే మాట చెప్తది. "ఏం చెయ్యనమ్మా, అనుకోని ఖర్చు వచ్చి పడ్డది." ఆ మాట ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. మా ఇంట్ల నేను కూడ అన్న. అందుకే ఇయ్యాళ ఆ అనుకోని ఖర్చు గురించే మీతోని మాట్లాడుత.

ముందు మా సంగతి. కొన్నేండ్ల కింద రెండో బోరు వేసినప్పుడు ఊర్లనే ఒకాయన దగ్గర 60,000 తెచ్చినం, నూటికి 2 రూపాయలు. నెలకు 1,200 వడ్డీ. తర్వాతి యేడు పత్తి మంచిగ వెళ్లింది. పత్తి పైసలు చేతికి రాంగనే మా ఆయన, "అప్పు నెత్తి మీద పెట్టుకోని అన్నం ఎట్ల దిగుతది, మొత్తం కట్టేద్దాం పా" అన్నడు. నేను కూడ సరే అన్న. అసలు, వడ్డీ కలిపి ఇచ్చి, నోటు వాపసు తీసుకోని మా కండ్ల ముందట్నే చింపించినం. ఆ రాత్రి ఎంత హాయిగ నిద్ర పట్టిందో నాకు ఇంక యాదికుంది. ఇంట్ల మిగిలినయి 1,100 రూపాయలు.

పన్నెండో రోజు మోటరు కాలింది.

యాసంగి నాటు వేసి ఇరవై రోజులు. మోటరు పైకి గుంజనీకి మనుషులు, వైండింగు, కేబులు, అన్ని కలిపి 9,000 దాటింది. నాలుగు దినాలు నీళ్లు పారకపోతే మడి నెర్రెలు వాస్తది, ఆగే పని కాదు. మొన్న అప్పు తీర్చినాయన దగ్గరికే మళ్ల పోయినం. "అయ్యో, మీరిచ్చిన పైసలు నిన్ననే ఇంకొకలకు ఇచ్చిన గదా" అన్నడు. ఆయన తప్పేం లేదు. ఇగ చేసేదేమి లేక గిరిగిరి తెచ్చినం.

ఈ గిరిగిరి లెక్క కొంచెం నిదానంగ చెప్త, మీరు ఇనాలె. 10,000 అని రాసుకుంటరు. 1,500 ముందే పట్టుకోని 8,500 చేతిల పెడ్తరు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలె. చూసినోళ్లు ఏమనుకుంటరంటే, మూడు నెలల పది రోజులకు 1,500 వడ్డీ, నూటికి ఐదు రూపాయల చిల్లరనే పడ్తది గదా అని. నేను కూడ అట్లనే అనుకున్న. కాని ఆ 8,500 మనకాడ 100 రోజులు ఉండవు. మర్నాటి నుంచే రోజుకింత వాపసు పోతనే ఉంటయి. యాభై రోజులకు దగ్గర దగ్గర సగం అప్పు తీరిపోతది, వడ్డీ మాత్రం మొత్తం 8,500 కు గుంజినట్టే. మన చేతిల నిజంగ ఉన్న పైసలకు లెక్క కడితే నెలకు నూటికి దాదాపు 10 రూపాయలు పడ్తది. రెండు రూపాయల అప్పు తీర్చినమని సంబురపడి పది రూపాయల అప్పులకు పోయినం.

అదే ఆ రోజు 60,000 లల్ల 50,000 కట్టి, 10,000 ఇంట్ల ఆపుకోని ఉంటే ఏమయ్యేది? ఆ 10,000 కు నెలకు 200 వడ్డీ పడేది. అంతే. నెలకు 200 ఖర్చు పెట్టి ఇంట్ల ధైర్యం ఉంచుకున్నట్టు. నేను ఇయ్యాళ చెప్పాలనుకున్నది ఈ ఒక్క ముచ్చటనే: అప్పు తీర్చే కాలంల చేతిల ఉన్నదంత ఊడ్చి అప్పుకు పెట్టకండి. కొంత ఆపుకోండి. అప్పు రెండు నెలలు ఆలస్యంగ తీరినా పరవాలేదు.

ఇది చెప్పినప్పుడల్ల మా సంఘంల పెద్దమ్మలు ఒప్పుకోరు. "అప్పు లేనోడే అధిక సంపన్నుడు, ఇంట్ల పైసలు పెట్టుకోని బాకీ ఉంచుడు ఏం మర్యాద" అంటరు. వాళ్ల మాటల నిజాయితీ ఉంది, ఆ నిజాయితీ మీదనే మా సంఘాలు నడుస్తున్నయి. నేను బాకీ ఎగ్గొట్టమంటలేను. నెల కిస్తు నెలకు కట్టాలె, దాంట్ల మాటే లేదు. కిస్తు మీద మిగిలింది మొత్తం తీసుకపోయి ఒక్కసారే ఇచ్చేసి ఖాళీ చేతులతోని ఇంటికి రావద్దంటున్న.

మరి ఎంత ఆపుకోవాలె? పట్నంల నౌకరీ చేసేటోళ్లకు ఆరు నెలల జీతం పక్కకు పెట్టుకోమని చెప్తుంటరు. మనకు నెల జీతం ఏడిది? అందుకని నేను ఇంకో తీరుగ చూస్త. మీ ఇంటికి మామూలుగ తగిలే ఒక దెబ్బ ఎంత? మాకైతే ఒక మోటరు. ట్రాలీ ఆటో నడిపే ఇంటికి రెండు టైర్లు, నాలుగు దినాల కిరాయి. గద్వాలల చీర నేసే ఇంటికి ఒక నెల మగ్గం ఆగుడు. మీ ఇంటి దెబ్బ ఎంతనో మీకు తెలుసు, నాకంటే మంచిగ తెలుసు. అంత మందం ఉంటె చాలు.

ఒక్కసారే అంత రాదు. నెలకు 300 వేసుకుంట పోయినా యేడాదికి 3,600. వద్దనుకున్నా ఖర్చయ్యే తీరుగ పెట్టొద్దు. నేను సగం బియ్యం డ్రమ్ముల ఉన్న డబ్బాల, సగం పోస్టాఫీసు ఖాతాల పెడ్త. ఇంట్ల పైసలున్నయని తెలిస్తె చుట్టాలు చేబదులుకు వస్తరు, కాదనలేము. ఖాతాల ఉన్నయంటే ఎవరూ అడగరు. కాని ఆ డబ్బా సంగతి మా ఆయనకు తెలుసు. దాచిపెట్టి చేసిన పొదుపు బయటపడ్డ రోజు ఇంట్ల లొల్లి అయి, ఆ కోపంలనే ఖర్చయిపోతది. అట్ల అయిన ఇండ్లు నేను చూసిన. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ముట్టకుంట ఉండేదే నిలుస్తది.

చీటీ వేస్తున్నం గదా, అది చాలదా అని కొందరంటరు. చీటీ మంచిదే, కాని అవసరం వచ్చిన నాడు పాట పాడి ఎత్తుకోవాలె. ఎంత అవసరముంటే అంత కోత. పైంగ 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేసిన చీటీనా కాదా చూసుకోకుంట, తెలిసినోళ్లే గదా అని వేసి మునిగినోళ్లు మా ఊర్లనే ఉన్నరు.

ఇగ ఇంకో ముచ్చట. అనుకోని ఖర్చులని మనం చెప్పేటియి నిజంగ అనుకోనియేనా? ఒకసారి మా సంఘంల పది మందిని కూసోబెట్టి, పోయిన యేడాది అప్పు దేనికి తెచ్చిన్రో రాయించిన. జూన్ల పిల్లల ఫీజు, బట్టలు, బుక్కులు. బతుకమ్మకు ఆడబిడ్డలకు చీరెలు. దసరా. ఒకామె బిడ్డకు ఒడిబియ్యం. ఇంకొకామె చెల్లె కొడుకు ధోతి ఫంక్షన్. మా మహబూబ్‌నగర్ చుట్టాలకైతే దీపావళి దాటంగనే కురుమూర్తి జాతర. సూర్యాపేట దిక్కోళ్లకు రెండేండ్లకోసారి పెద్దగట్టు. ఇవన్ని రాసినంక ఒకామె తనంతట తానే అన్నది, "దసరా రాదని ఎవరనుకున్నరే మనల?" అని. అందరం కొంచెంసేపు ఏం మాట్లాడలే.

అప్పటి సంది మా ఇంట్ల గోడకు వేసిన క్యాలెండర్ మీదనే రాస్తున్న. ఏ నెలల ఏముంది, ఎంత పడ్తది. యేడాది ఖర్చు కూడి 12 తోని భాగించి నెల నెల పక్కకు తీస్త. వీటికి ఆ డబ్బా ముట్టను. డబ్బా మోటరుకు, జ్వరానికి, చావుకు. చావు ఖర్చు గురించి ఒక మాట చెప్పాలె, ఎవరికీ కోపం రావద్దు. దినాలు చెయ్యనీకి అప్పు తెచ్చి, పోయినాయన పేరు మీద మూడేండ్లు వడ్డీ కట్టిన ఇండ్లు నా పుస్తకాలల్ల ఉన్నయి. ఊరంతటికి భోజనం పెట్టకపోతే ఏమంటరో అన్న భయంతోని తెచ్చిన అప్పది. ఆ ఇంటోళ్లకు ధైర్యం చెప్పాల్సింది చుట్టాలే. మీరు చుట్టాలైతే, తక్కువల చెయ్యమని ముందుగ మీరే అనండి. వాళ్లు నోరు తెరిచి అనలేరు.

డబ్బా సరిపోనంత పెద్ద దెబ్బ తగిలితే ఏ గడప ముందు ఎక్కాలె? మా సంఘంలనైతే పొదుపు పైసల నుంచి ఇచ్చే అంతర్గత అప్పు నూటికి రూపాయే, ఆ రూపాయి కూడ మన సంఘానికే వస్తది. తర్వాత బ్యాంకు. పట్టా పాస్‌బుక్కు ఉండి కూడ పంట రుణం తియ్యని రైతులు మనల శానమంది ఉన్నరు. 3 లక్షల వరకు పంట రుణానికి యేడాదికి 7 శాతం వడ్డీ. గడువుల కడితే కేంద్రం అందుల 3 తగ్గిస్తది, 4 పడ్తది. మన ఊరి లెక్కల నూటికి నెలకు 33 పైసలు. రెండు రూపాయల వడ్డీ అంటే యేడాదికి 24. పక్కపక్కన పెట్టి చూడండి. బంగారం పెట్టాల్సి వస్తే బ్యాంకుల పెట్టండి, గడువు తారీఖు క్యాలెండర్ మీద రాసుకోండి. మరిచిపోతే వేలానికి పోతది. ఫోన్ల యాప్‌ల అప్పు మాత్రం ఎవరూ ముట్టొద్దు. అయిదు నిమిషాలల్ల పైసలిచ్చి, మన ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి ఫోన్లు చేసి ఇజ్జత్ తీస్తరు. అట్ల ఎవరన్న సతాయిస్తే సైబర్ నేరాల నంబరు 1930 కు ఫోన్ చెయ్యండి.

నారాయణపేట, కోస్గి దిక్కు మా మేనత్త వాళ్లుంటరు. వాళ్ల ఊర్ల గిరిగిరి కంటె కష్టమైన అప్పు ఒకటుంది, కూలీలను పనికి తీసుకపోయే మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు. పాలమూరు లేబర్ అంటే దేశమంత తెలుసు, ఎన్ని ప్రాజెక్టుల కట్టల మీద వాళ్ల చెమట ఉందో. మా మేనత్త పక్కింట్ల చిన్న పిలగానికి జబ్బు చేస్తే దవాఖానకు 20,000 అవసరం పడ్డది. మేస్త్రి దగ్గర తీసుకున్నరు. ఆ 20,000 కు ఆలుమగలిద్దరూ ముంబయి బస్సెక్కి సీజనంత పనిల ఉండిపోయిన్రు, పెద్ద బిడ్డ బడి మాని తమ్ముని చూసుకున్నది. ఒక్క జబ్బుకు ఒక పిల్ల చదువు పోయింది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటది. అడ్వాన్సు ఇచ్చినమని మనిషిని కదలనియ్యకుంట పనిల పెట్టుకునుడు 1976 లనే వచ్చిన వెట్టి నిర్మూలన చట్టం కింద నేరం. అది కూడ మనోళ్లకు తెలువాలె.

ఆ ఇంటోళ్లు ముందుగ ఆరోగ్యశ్రీ అడగలే. అడగాలని వాళ్లకు తెలువదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ కింద ఒక కుటుంబానికి యేడాదికి 10 లక్షల వరకు పెంచిన్రు. దవాఖాన మెట్లెక్కంగనే పైసల సంచి తియ్యకముందు ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూసుంటరని అడగండి. అట్లనే బ్యాంకు ఖాతా ఉన్నోళ్లు యేడాదికి 20 రూపాయల సురక్షా బీమా కట్టుకోవచ్చు, ప్రమాదంల మనిషి పోతే 2 లక్షలు వస్తయి. 436 రూపాయల జీవనజ్యోతి, ఎట్ల చనిపోయినా 2 లక్షలు, 50 యేండ్ల లోపల చేరాలె. ఈ రెండూ జూన్ 1 నుంచి కొత్త యేడాది పడ్తయి. మే నెలాఖరుకు ఖాతాల పైసలు లేకపోతే బీమా ఆగిపోతది, మనకు తెలువనే తెలువదు. అందుకే మే మీటింగుల నేను అందరి పాస్‌బుక్కులు తెప్పించి చూస్త. భూమి పట్టా ఉన్న 18 నుంచి 59 యేండ్ల రైతులకు రైతు బీమా ఉంది, 5 లక్షలు, కిస్తు సర్కారే కడ్తది. నామినీ పేరు సరిగ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. నామినీ కూడ చనిపోయి, పేరు మార్పించక తిప్పలు పడ్డోళ్లున్నరు.

ఇంకొకటి. ఈ నెల కిస్తు కట్టలేమని తెలిస్తే, కట్టే తారీఖు కంటె ముందే పోయి చెప్పండి. సంఘంలనైన, బయటనైన. ముందే చెప్పినామెకు మేమందరం తలా ఇంత వేసి కట్టి, సంఘం పేరు నిలబెట్టుకున్నం. గడువుల కట్టిన సంఘానికే వడ్డీ రాయితీ ఉంటది, ఒకామె ఆగితే అందరికీ పోతది. చెప్పకుంట మీటింగుకు రాకుండ తప్పించుకున్నామె మీద మాత్రం కోపమొచ్చింది. పైసలు లేవన్నందుకు కాదు ఆ కోపం. బయట నోటు మీద తెచ్చినోళ్లు కొంచెం కట్టినా నోటు ఎనక చెల్లు రాయించుకోండి. నోటి మాట మీద వదిలెయ్యకండి.

గిరిగిరి తీర్చినంక మేము మళ్లొకసారి ట్రాలీ ఆటో కిస్తుల కింద పడ్డం. ఈసారి డబ్బా ఉంచుకోనే కడ్తున్నం. పోయిన నెల బర్రె రెండు దినాలు మేత ముట్టలే. 1962 కు ఫోన్ చేస్తే పశువుల బండి ఊర్లకే వచ్చింది. బయట కొన్న మందులకు, రెండు దినాలు పాలు లేనందుకు, అన్ని కలిపి 1,800 డబ్బాలకెళ్లి తీసిన. ఆటో కిస్తు దాని తారీఖున అది పోయింది. బర్రె ఇప్పుడు మంచిగనే మేస్తున్నది. ఈ నెల డబ్బాల మళ్ల 300 వేసిన.

సెలవు.